ఊపిరి మిషన్

ఆ రోజు పొద్దున్నే సుసన్నా మంచం పక్కనున్న చిన్న బల్లను ఖాళీ చేసింది. మందుల డబ్బాలు, బైబిలు, కళ్ళజోడు, వేడినీళ్ళ ఫ్లాస్కు అన్నీ తీసి కిటికీ గూట్లో సర్దింది. బల్లను తడిగుడ్డతో తుడిచి, మళ్ళీ పొడిగుడ్డతో తుడిచింది. మంచం మీద మూడు దిండ్లకు ఆనుకుని కూర్చున్న దావీదు ఆమె చేస్తున్న పనంతా చూసి నవ్వాడు.

"ఇంకా రానేలేదు. అప్పుడే దానికి గద్దె కడుతున్నవా?"

"వచ్చినంక చేద్దామంటే నాకు చేతులాడయ్. నువ్వు మాట్లాడకు. ఆయాసమొస్తది."

"మిషన్ వచ్చినంక నేను మాట్లాడుతనే ఉంట. అప్పుడు నువ్వే చెవులు మూసుకోవాలె" అన్నాడు దావీదు. ఆ రెండు మాటలకే అతనికి దగ్గొచ్చింది. సుసన్నా వచ్చి వీపు నిమిరింది.

వంటింటి గడపలో నిలబడి టిఫిన్ డబ్బా మూత బిగిస్తున్న సుజిత ఇద్దరినీ చూసింది. ఆ ఇంట్లో తల్లీ తండ్రీ అలా నవ్వుకుని చాలా రోజులైంది. ఆ నవ్వు తాను తెచ్చిందే అనుకుంటే ఆమెకు లోలోపల గర్వంగా ఉంది.

దావీదు ముప్పై ఏళ్ళు బొగ్గుబావిలో పనిచేశాడు. లోపల పైకప్పు కూలకుండా కట్టెలు నిలబెట్టే పని అతనిది. అందుకే గోదావరిఖనిలో పాతవాళ్ళు అతన్ని ఇప్పటికీ టింబర్ దావీదు అనే పిలుస్తారు. ఊపిరితిత్తులు చెడి, అన్‌ఫిట్ అయి నాలుగేళ్ళ కిందట దిగిపోతే, ఆ ఉద్యోగం కొడుకు జాన్ ప్రసాద్‌కు వచ్చింది. కొడుకూ కోడలూ ఎయిట్ ఇంక్లైన్ కాలనీలో కంపెనీ క్వార్టర్‌లో ఉంటారు. చౌరస్తా వెనక సందులో కట్టుకున్న రెండు గదుల ఇంట్లో ముసలివాళ్ళిద్దరూ, సుజితా మిగిలారు. సుజితకు ఇరవై ఎనిమిదేళ్ళు. దగ్గర్లోని ప్రైవేటు బడిలో లెక్కలు చెబుతుంది.

శివరాత్రి ముందు దవాఖానలో డాక్టరు కొత్తమాట చెప్పాడు. రోజుకు కొన్ని గంటలైనా ఇంట్లోనే ఆక్సిజన్ పెట్టాలట. గదిలో గాలినే పీల్చి శుద్ధిచేసి ఇచ్చే మిషన్ ఉంటుందట. దాని ధర వినగానే సుసన్నా కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"దసరాకు కంపెనీ లాభాల వాటా వస్తది. అప్పుడు హైదరాబాద్ పోయి కొత్తది తెస్త. అప్పటిదాక నిమ్మలంగ ఉండుండ్రి" అన్నాడు జాన్ ప్రసాద్.

దసరా ఇంకా ఏడు నెలలు. స్నానాల గది దాకా పోయి రావడానికి మధ్యలో రెండుసార్లు గోడ పట్టుకుని నిలబడే తండ్రిని చూస్తూ సుజిత నిమ్మళంగా ఉండలేకపోయింది. ఒక సాయంత్రం నెట్ సెంటర్‌కు పోయి వెతికింది. పాత సామాన్లు అమ్ముకునే ఒక సైటులో ఆ మిషన్ ఫోటో కనిపించింది. ధర సగం కంటే తక్కువ. కింద ఉన్న నంబరుకు ఫోన్ చేస్తే బెంగుళూరు నుంచి చంద్రమౌళి అనే ఆయన తెలుగులోనే మాట్లాడాడు.

"మా అమ్మగారి కోసం కొన్నానమ్మా. కొని మూడు నెలలైనా కాలేదు, ఆవిడ వెళ్ళిపోయారు. ఇంట్లో దాన్ని చూస్తుంటే గుండె తరుక్కుపోతోంది. ఎవరైనా అవసరమున్నవాళ్ళకి చేరితే చాలు. మీ నాన్నగారు ఏ పక్కకి పడుకుంటున్నారు? ఎత్తు దిండ్లు వెయ్యండి. వెల్లకిలా పడుకోబెట్టకండి."

అంతవరకు తండ్రి ఎలా పడుకుంటున్నాడని ఆమెను అడిగినవాళ్ళు లేరు. ఆ ఒక్క ప్రశ్నకే సుజిత కళ్ళు చెమర్చాయి. అన్నకు చెప్పలేదు. దాచుకున్నదంతా తీసి, ఆయన చెప్పిన ఖాతాలో వేసింది. డబ్బు వేసిన మూడోరోజు లారీ రసీదు ఫోటో కూడా పంపాడు. అప్పుడే ఇంట్లో చెప్పింది. దావీదు ఆ రోజే ఎలక్ట్రీషియన్‌ను పిలిపించి మంచం పక్కన కొత్త ప్లగ్గు పెట్టించుకున్నాడు.

బల్ల తుడిచిన ఆ రోజు సుజిత బడిలో ఉండగా పదకొండు గంటలకు పార్సెల్ ఆఫీసు నుంచి ఫోన్ వచ్చింది. చివరి పీరియడ్ ఇంకో టీచరుకు అప్పగించి ఆటోలో పోయింది. పెట్టె పెద్దదే, బరువుగానే ఉంది. సంతకం పెట్టి, అక్కడే ఒకసారి చూసుకుందామని గుమాస్తా దగ్గర కత్తెర అడిగి టేపు కోసింది.

పైన థర్మాకోల్. దాని కింద కన్నడ పేపర్లు. ఆ పేపర్లలో చుట్టిన సిమెంటు ఇటుకలు నాలుగు, జార్ లేని పాత మిక్సీ ఒకటి. సుజిత పేపర్లన్నీ ఒక్కొక్కటే విప్పింది. అట్టపెట్టె అడుగు చేతికి తగిలాక కూడా మూలల్లో వేళ్ళు పెట్టి తడిమింది.

"ఏం తెప్పిచ్చినవ్ మేడం?" అన్నాడు గుమాస్తా తొంగిచూసి.

ఆమె గబగబా మూత మూసింది. "తర్వాత తీస్కపోత. కొన్ని రోజులు ఈడనే ఉండనియ్యి అన్నా."

బయటికొచ్చి చింతచెట్టు కింద నిలబడి ఫోన్ చేసింది. చంద్రమౌళి వెంటనే ఎత్తాడు. అంతా విని, "అయ్యయ్యో! గోడౌన్‌లో పెట్టె మార్చేశారమ్మా. మీ నాన్నగారి మిషన్ ఇక్కడే భద్రంగా ఉంది. ఈసారి విమానంలో పంపిస్తాను. ఆ ఖర్చొక్కటి రేపు వేసెయ్యండి. ఎల్లుండికల్లా నాన్నగారు హాయిగా ఊపిరి తీసుకుంటారు" అన్నాడు.

అది అబద్ధమని సుజితకు తెలియకపోలేదు. పిల్లలకు లెక్కలు చెప్పే మనిషి. కానీ అబద్ధమని ఒప్పుకుంటే ఇంటికి ఖాళీ చేతులతో పోవాలి. తుడిచిపెట్టిన ఆ బల్ల ముందు నిలబడాలి. నిజమేమోనన్న ఆశ గోరంత మిగిలినా చాలు, దాన్నే పట్టుకుని వేలాడాలనిపించింది. మరునాడు చెవికమ్మలు కుదువపెట్టి ఆ ఖర్చు కూడా పంపింది. ఆ సాయంత్రం నుంచి ఆ నంబరు స్విచ్చాఫ్.

ఇంట్లో మాత్రం మిషన్ దారిలో ఉంది. ఒకరోజు లారీ చెడిపోయిందంది. ఇంకోరోజు చెక్‌పోస్టు దగ్గర కాగితాలు అడిగారంది. దావీదు ప్రతి సాయంత్రం గేటు చప్పుడుకు తల ఎత్తి చూసేవాడు. ఆమె ఒట్టి చేతులు చూసి తానే సర్దిచెప్పేవాడు.

"దూరం నుంచి రావాలె గదా బిడ్డా. తొందరేముంది? నువ్వు ఫికర్ పెట్టుకోకు."

ఆ మాట వినలేక సుజిత స్నానాల గదిలోకి పోయి కుళాయి విప్పేది. నీళ్ళు బకెట్ నిండి పొర్లిపోయేదాకా అక్కడే కూర్చునేది. ఏప్రిల్ ఎండలు ముదిరాయి. పొద్దున పదికే రేకుల వరండా సెగలు కక్కుతోంది. దావీదు మాటలు బాగా తగ్గిపోయాయి. ఒక్క ముద్ద మింగి, ఊపిరి కూడదీసుకుని, తర్వాతే ఇంకో ముద్ద.

రెండో ఆదివారం ప్రార్థన అయ్యాక జాన్ ప్రసాద్ చర్చి నుంచి నేరుగా ఇంటికొచ్చాడు. తండ్రికి కర్బూజ ముక్కలు కోసిపెడుతూ చెల్లెలి ముఖం చూశాడు.

"కమ్మలేవి?"

సుజిత చెవులు తడుముకుంది. "తెగినయ్. కంసాలి దగ్గరిచ్చిన."

"రెండూ ఒక్కసారే తెగినయా?"

జాన్ ప్రసాద్ కత్తిపీట పక్కకు పెట్టి లేచాడు. "పార్సెల్ ఆఫీసుల మా బావి ఖలాసీ బామ్మర్ది పనిచేస్తడు. మీ చెల్లె పెట్టె రెండు వారాల సంది మా దగ్గరనే పడి ఉన్నదన్నా, అండ్ల ఇటుకలున్నయన్నా అని నిన్న నన్ను ఆపి చెప్పిండు. నేను నమ్మలే. మా చెల్లె సదువుకున్నది, గట్ల మోసపోదు అన్న. ఇప్పుడు చెప్పు."

సుసన్నా చేతిలోని పళ్ళెం కింద పెట్టింది. "ఇటుకలేంది? ఏం ఇటుకలురా?"

సుజితకు నేల మీద నుంచి చూపు లేవలేదు. ఒక్కో మాటా పీక్కుని చెప్పింది. రెండోసారి పంపిన డబ్బు దగ్గరికి వచ్చేసరికి జాన్ ప్రసాద్ గోడను అరచేత్తో కొట్టాడు.

"మొదటిసారంటే తెల్వదు. ఇటుకలు సూసినంక కూడా మళ్ళ వేసినవా? దసరా దాక ఆగమంటే ఆగకపోతివి. అన్నను ఒక్క మాట అడిగితే నీ నోరు పోతుండెనా?"

"అడిగితే ఏం చేస్తుంటివి?" సుజిత తలెత్తింది. "దసరా, దసరా! నువ్వు ఆదివారం ఒక్క గంట వచ్చి పోతవ్. బాపుకు ఊపిరాడక గోడ పట్టుకుని నిలబడ్డది నువ్వు సూసినవా? ఆ గోడ మీద చెయ్యి మరకలు కూడా పడ్డయ్, సూడు! బాపు ఊపిరి పోయింది, ఆ నౌకరి నీకొచ్చింది. నాకేమొచ్చింది? కూసోని సూసుడొచ్చింది!"

జాన్ ప్రసాద్ ముఖం పాలిపోయింది. ఏదో అనబోయి మంచం వైపు చూశాడు. దావీదు రెండు చేతులూ మోకాళ్ళ మీద ఊని ముందుకు వంగి ఉన్నాడు. పెదాలు నల్లబడ్డాయి. ఏదో చెప్పాలని నోరు తెరుస్తున్నాడు కానీ గాలి లోపలికే పోవడం లేదు.

"అన్నా, ఆటో!" అని అరిచింది సుజిత.

దవాఖానలో మాస్కు పెట్టాక గంటకు అతని ఊపిరి సర్దుకుంది. జాన్ ప్రసాద్ వరండాలో ఒక చివర, సుజిత మరో చివర కూర్చున్నారు. సుసన్నా మధ్యలో నిలబడి ఇద్దరినీ చూసి, ఎవరి దగ్గరికీ పోలేక లోపలికే పోయింది.

మూడోరోజు దావీదును ఇంటికి పంపారు. మరునాడు పొద్దున సుజిత బడికి తయారు కాలేదు. అరుగు మీద కూర్చుని ముగ్గు లేని వాకిలిని చూస్తోంది. లోపలి నుంచి తండ్రి పిలిచాడు.

"బిడ్డా, ఇటు రా. ఈ బల్ల మీద కూసో."

ఖాళీగా ఉన్న ఆ బల్ల మీద కూర్చోవడానికి ఆమెకు మనసు రాలేదు. మంచం పట్టె మీద కూర్చుంది.

"పోలీస్ స్టేషన్‌కు పోయినవా?"

"లే బాపు. పోయి ఏం చెప్పాలె? ఇటుకలొచ్చినంక కూడా పైసలు పంపిన అని చెప్పాల్నా? నవ్వుతరు. బడిల తెలిస్తే పిల్లలు కూడా నవ్వుతరు."

దావీదు దిండ్ల మీద కొంచెం పైకి జరిగాడు. మాట్లాడే ముందు ఊపిరి పోగుచేసుకుంటున్నాడని ఆమె అనుకుంది.

"ఎల్లన్న కాక ఎరుకేనా నీకు?"

"బావిల సచ్చిపోయిన కాక? పేరు విన్న. నేనప్పుడు ఉయ్యాలల ఉన్ననని అమ్మ చెప్పింది."

"అవ్. ఇరవై ఏడేండ్లాయె. అప్పుడు నాది నైట్ షిఫ్ట్. ఒకకాడ నాలుగు కట్టెలు పెట్టాలె. మూడే పెట్టిన. కట్టె తెచ్చుకోను మల్ల అంత దూరం ఎవడు పోతడని. డ్యూటీ దిగేముందు రాడ్‌తోని పైన తట్టి సూసిన. గుల్ల చప్పుడొచ్చింది. గుల్ల చప్పుడంటే పైన పొర ఇడిసినట్టు." దావీదు ఆగాడు. రెండు గుక్కల నీళ్ళు తాగాడు. "పైకొచ్చి మా షిఫ్ట్ సూసే సర్దార్‌కు చెప్పాలె. చెప్తే నువ్వు మూడే ఎందుకు పెట్టినవ్ అంటడు. చార్జిషీట్ ఇస్తరు. అందరి ముందట ఇజ్జత్ పోతది. మాపటికి డ్యూటీ ఎక్కంగనే నేనే సరిచేస్త తీ అనుకున్న. ఎవలకు చెప్పలే. ఇంటికొచ్చి అన్నం తిని పండుకున్న."

సుజిత తండ్రి చెయ్యి పట్టుకుంది. ఆ చెయ్యి చల్లగా ఉంది.

"పొద్దుగాల షిఫ్ట్‌ల ఎల్లన్న ఆడికి పోయిండు. నన్ను లేపింది బావి సైరనే. ఎందుకు కూలింది, ఎట్ల కూలింది అని అందరడిగిండ్రు. నన్నెవలూ అడగలే. నేను చెప్పలే. ఎల్లన్న పెండ్లాం ఇద్దరు పోరగాండ్లను పట్టుకుని ఊరికి పోయింది. బస్సెక్కిచ్చింది నేనే. అప్పుడు కూడ చెప్పలే."

"బాపు, ఊకో. ఆయాసమొస్తది."

"రానియ్. ఇది చెప్పకపోతే వచ్చే ఆయాసం ఇంకా పెద్దది. మీ అమ్మకు కూడ ఇయ్యాల్టిదాక తెల్వదు." వంటింటి గడపలో సుసన్నా కదలకుండా నిలబడి ఉంది. దావీదు ఆమె వైపు చూడలేదు. "మూడే కట్టెలు పెట్టుడు తప్పే. తప్పు అందరం చేస్తం. కానీ దాన్ని చెప్పకపోతిమా, మన ఎనక షిఫ్ట్‌కు వచ్చెటోడు సస్తడు. వాడు ఆ ఫోటో పెట్టి ఇప్పుడు ఇంకెవలతోనో మాట్లాడుతుండొచ్చు. మీ నాయిన ఏ పక్కకు పంటడు అని అడుగుతుండొచ్చు. నవ్వెటోళ్ళు నవ్వనియ్ బిడ్డా. నువ్వు మాత్రం నా లెక్క నోరు మూసుకోకు."

ముప్పై ఏళ్ళు కట్టెలు నిలబెట్టిన మనిషి ఒళ్ళంతా కదిలేలా ఏడ్చాడు. తండ్రి ఏడవడం సుజిత ఎన్నడూ చూడలేదు. సుసన్నా వచ్చి అతని కాళ్ళ దగ్గర కూర్చుంది. కొంగుతో అతని ముఖం తుడిచి, తన ముఖం కూడా అదే కొంగుతో తుడుచుకుంది.

ఎంత వద్దన్నా దావీదు వినలేదు. పోలీసుల దగ్గరికి తాను కూడా వస్తానన్నాడు. సుజిత డబ్బు వేసిన రసీదులు, ఫోన్ నంబర్లు, తారీఖులు, నెట్ సెంటర్‌లో తీయించిన ప్రకటన కాగితం అన్నీ ఒక ఫైలులో పెట్టుకుంది. ముందు బ్యాంకుకు పోయారు. మేనేజరు కాగితాలు చూసి ఆ ఖాతాను ఆపమని అవతలి బ్యాంకుకు రాస్తానన్నాడు. ఆ తర్వాత మెల్లగా, "మొదటి రోజే వచ్చి ఉంటే కొంతైనా దొరికేదేమో అమ్మా" అన్నాడు. సుజిత తల వంచుకుని విన్నది. ఆ మాట ఆమెకు చాలా కాలం గుచ్చుకుంటూనే ఉంది.

స్టేషన్‌లో రైటరు దరఖాస్తు చదివి పెన్ను కింద పెట్టాడు. "ఇటుకలొచ్చినంక మల్ల వేసినవా అమ్మా?"

సుజిత చెవులు ఎర్రబడ్డాయి. పక్కన బెంచీ మీద తండ్రి ఊపిరి గురగురమంటోంది. "వేసిన సార్" అంది. "రెండు తారీఖులూ రాసిన. సూడుండ్రి."

అప్పుడే గేటు దగ్గర ఆటో ఆగింది. తల్లి ఫోన్ చేసి చెప్పడంతో, డ్యూటీ దిగి బట్టలు కూడా మార్చుకోకుండా జాన్ ప్రసాద్ వచ్చాడు. ముఖం మీద బొగ్గు అలాగే ఉంది. పార్సెల్ ఆఫీసు నుంచి ఆ పెట్టెను తానే భుజం మీద మోసుకొచ్చి రైటరు బల్ల ముందు దించాడు.

"సాక్ష్యం కావాలంటరు గదా సార్. ఇగో."

తర్వాత చెల్లెలి పక్కకొచ్చి నిలబడ్డాడు. ఆమె ముఖం చూడకుండా చొక్కా జేబులోంచి చిన్న పొట్లం తీసి చేతిలో పెట్టాడు. విడిపించుకొచ్చిన కమ్మలు.

"అన్నా, ఆ రోజు నేనన్న మాట…"

"అబద్ధమేం కాదు గదా. రోజూ డ్యూటీ ఎక్కేటప్పుడు యాదికొస్తది నాకు, ఇది బాపు ఊపిరని. అందుకే ఇంటికి వచ్చినా ఎక్కువసేపు కూసోబుద్ధి కాదు." అతను ముఖం మీది బొగ్గును మోచేత్తో తుడుచుకున్నాడు. "నేను కూడ చెప్పలే చెల్లె. ఎవలకు చెప్పలే."

ఆ సాయంత్రం ఇద్దరూ కలిసి నెట్ సెంటర్‌కు పోయారు. అదే సైటులో, అలాంటి ప్రకటనల కింద, మోసపోయినవాళ్ళు రాసుకునే ఇంకో చోట, జరిగిందంతా సుజిత రాసింది. వాడి నంబరు, ఖాతా, మాట్లాడే తీరు, అమ్మ చనిపోయిందనే మాట, అన్నీ రాసింది. చివర తన పేరు, తన నంబరు పెట్టింది.

"నీ నంబరెందుకు? ఆగమాగం ఫోన్లు చేస్తరు" అన్నాడు జాన్ ప్రసాద్.

"నంబరు లేకపోతే ఎవలు నమ్ముతరు?"

ఆగమాగం ఫోన్లు వచ్చిన మాట నిజమే. ఎవరెవరో పోకిరీలు చేసి ఇటుకలు కావాలా అని నవ్వారు. బడిలో స్టాఫ్‌రూమ్‌లోకి ఆమె రాగానే మాటలు ఆగిపోయేవి. డబ్బు తిరిగి రాలేదు. వాడు దొరకనూ లేదు. ఆ ఖాతా ఎవరో కూలివాడి పేరు మీద తెరిచిందని పోలీసులు చెప్పారు.

జాన్ ప్రసాద్ దసరా దాకా ఆగలేదు. సొసైటీలో లోన్ పెట్టి మే నెల చివర హైదరాబాద్ నుంచి కొత్త మిషన్ తెచ్చాడు. అప్పటి నుంచి డ్యూటీ దిగాక రోజూ వచ్చి తండ్రి మంచం దగ్గర కూర్చునేవాడు. గాలిగొట్టం ముక్కుకు పెట్టుకున్న దావీదు అతనికి బావి సంగతులు చెప్పేవాడు. ఒకరోజు కొడుకును పంపి ఎల్లన్న భార్య ఎక్కడుందో కనుక్కున్నాడు. ఆమె మూడేళ్ళ కిందే చనిపోయిందట. పెద్దకొడుకుతో ఫోన్‌లో మాట్లాడాడు. ఏం మాట్లాడాడో, అవతల ఏమన్నాడో ఎవరికీ చెప్పలేదు. ఆ రోజంతా గోడవైపు తిరిగి పడుకున్నాడు.

మిషన్ వచ్చిన యాభై రెండో రోజున, ముసురు పట్టి గోదావరి నిండుగా పారుతున్నప్పుడు, దావీదు దవాఖానలో కన్ను మూశాడు. రెండు నెలల ముందే మిషన్ వచ్చుంటే ఏమయ్యేదని డాక్టరును అడగాలని సుజిత రెండుసార్లు దవాఖాన గేటు దాకా పోయి వెనక్కి వచ్చింది. అడగకపోయినా ఆ ప్రశ్న రోజూ ఆమెతోనే లేచేది.

క్రిస్మస్‌కు పది రోజులుందనగా, బడిలో మధ్యాహ్నం బెల్లు కొట్టాక, తెలియని నంబరు నుంచి ఫోన్ వచ్చింది. మళ్ళీ పోకిరీలేమో అనుకుంటూనే ఎత్తింది.

"అక్కా, నా పేరు జమున. కాసిపేట నుంచి మాట్లాడుతున్న." ఆ గొంతులో తొందర ఉంది. "మా తమ్ముడు నెట్‌ల మీరు రాసింది సూసిండు. నేనిప్పుడు బ్యాంకు లైన్ల నిలబడ్డ. చీటీ కూడ రాసిన. మా నాయినకు ఊపిరి మిషన్ కోసం. నంబరు వేరే ఉన్నది, పేరు వేరే ఉన్నది. కానీ ఆయన కూడ వాళ్ళమ్మ సచ్చిపోయిందనే చెప్పిండు. మీ నాయినను ఎట్ల పండబెడుతున్నరని అడిగిండు అక్కా."

సుజిత వరండా స్తంభం పట్టుకుంది.

"ఆ చీటీ చింపెయ్యి జమునా. వాడే వీడు. ముందు లైన్లకెళ్ళి బయటికి రా."

ఫోన్‌లో కాసేపు బ్యాంకులోని జనం మాటలు వినిపించాయి. తర్వాత కాగితం చింపిన చప్పుడు. ఆ తర్వాత జమున ఏడుపు. "పైసలు దక్కినయ్ అక్కా. కానీ నాయినకు వస్తదని చెప్పిన. ఇప్పుడు ఇంటికి పోయి ఏం చెప్పాలె?"

సుజిత కళ్ళు మూసుకుంది. "మా ఇంట్ల మిషన్ ఉన్నది. మా బాపుకు తెచ్చినం. ఆయన పోయిండు. మా దగ్గర ఉత్తగనే ఉన్నది. మీరు తీస్కపోండ్రి."

అవతల జమున ఊపిరి బిగబట్టిందని సుజితకు అర్థమైంది. ఇవి వాడు చెప్పే మాటలే. ఇప్పుడు తన నోట్లో నిజమైనా ఎవరూ నమ్మరు. తన డబ్బు పోయినప్పుడు కూడా వాడి మీద ఆమెకు ఇంత కోపం రాలేదు.

"నువ్వు నమ్మకు" అంది సుజిత మెల్లగా. "నమ్మాల్సిన పని లేదు. నాకు రూపాయి పంపకు. మీ ఇంట్లోళ్ళను తోలుకుని మా ఇంటికి రా. మా అమ్మ ఉంటది, పది మంది ఇరుగుపొరుగు ఉంటరు. ప్లగ్గు పెట్టి నీ కండ్లతోని సూడు. నచ్చితే తీస్కపో."

ఆ రోజు ఇంటికొచ్చి అన్నకు ఫోన్ చేసింది. లోన్ అతను ఇంకా కడుతూనే ఉన్నాడు. జాన్ ప్రసాద్ అంతా విని, "మంచిగ తుడిచి పెట్టు. నేను కూడ వస్త" అన్నాడు.

శనివారం జమున, ఆమె భర్త అద్దె ట్రాలీ ఆటోలో వచ్చారు. ఆమెకు పాతికేళ్ళుంటాయేమో. మొదట గడప దగ్గరే నిలబడి ఇల్లంతా చూసింది. గోడమీద దావీదు ఫోటో, దానికి వేసిన దండ చూశాక చెప్పులు విడిచి లోపలికొచ్చింది. సుసన్నా ఆమెకు మిషన్ ఎలా పెట్టాలో, నీళ్ళ సీసా ఎప్పుడు కడగాలో, కరెంటు పోతే ఏం చెయ్యాలో ఒక్కొక్కటే చూపించింది. గొట్టాన్ని తన ముక్కు దగ్గర పెట్టుకుని గాలి వస్తోందో లేదో చూసింది. వస్తుంటే కాసేపు అలాగే ఉండిపోయింది.

"మీకు తిరిగి కావాలంటే తెచ్చిస్తం అవ్వా" అంది జమున.

"ఎవలన్న అడిగితే వాళ్ళకియ్యి బిడ్డా. మాకెందుకు?"

జాన్ ప్రసాద్ మిషన్‌ను ఆటోలో ఎక్కించి, కదలకుండా చుట్టూ బొంతలు పెట్టి, తాడుతో కట్టాడు. ఆటో స్టార్టయ్యాక జమున మళ్ళీ దిగి సుజిత దగ్గరికొచ్చింది.

"అక్కా, మా నాయిన పేరు ఆగయ్య. ఆయన కూడ బావిలనే చేసిండు. ఇది ఎవలిచ్చిండ్రని తప్పక అడుగుతడు. మీ బాపు పేరు చెప్తవా?"

దావీదు పోయాక ఆ ఇంట్లో ఆ పేరు పైకి పలికినవాళ్ళు లేరు. సుజిత తల్లి వైపు చూసింది. పక్కన నిలబడ్డ సుసన్నా ఆమె భుజం మీద చెయ్యి వేసింది.

"దావీదు" అంది సుజిత. "టింబర్ దావీదు అని చెప్పు."

జమున ఆ పేరును ఒకసారి తన నోటితో అనుకుని ఆటో ఎక్కింది. ఆటో సందు మలుపు తిరిగేదాకా ముగ్గురూ వాకిట్లోనే నిలబడ్డారు. తర్వాత సుజిత తల్లి మెడ మీద ముఖం పెట్టి, తండ్రి పోయిన రోజు కూడా రాని ఏడుపంతా ఏడ్చింది. సుసన్నా ఊరుకోమనలేదు. జాన్ ప్రసాద్ గేటు వేసి, వచ్చి ఇద్దరి పక్కన అరుగు మీద కూర్చున్నాడు.